పదకొండో సెకను

శిక్షణ కేంద్రం హాస్టలు, రెండో అంతస్తు, పన్నెండో గది
మొదటి వారం, బుధవారం

మరదలు పిల్లకి,

క్షేమంగా చేరాను. గేటు దగ్గరే అందరి ఫోన్లూ తీసేసుకుని, గుడ్డసంచుల్లో వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఈ పన్నెండు వారాలూ మేం వినాల్సిందీ మాట్లాడాల్సిందీ వాళ్ళు నేర్పే భాషేనట. ఉత్తరాలకు మాత్రం అడ్డు లేదు. ఇన్నాళ్ళూ ఫోన్లో రెండు నిమిషాల్లో తేలిపోయే వదినగారి సోది ఇకనుంచి పేజీలకు పేజీలు చదువుకునే గతి నీకు పట్టింది.

ఎందుకొచ్చానో నీకు పూర్తిగా చెప్పలేదు. తమ్ముడితో కూడా 'ఏదో ట్రైనింగు' అని బస్సెక్కేశాను. అసలు సంగతి ఇది. యూనివర్సిటీలో పద్నాలుగేళ్ళుగా భాషా, భాషాశాస్త్రమూ చెబుతున్నా నాది ఇప్పటికీ ఏడాదికో కాంట్రాక్టు కాగితం ఉద్యోగమే. ఈ ఏడు కొత్త నిబంధన పెట్టారు. ఈ శిక్షణ పాసై సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాళ్ళకు పర్మనెంటు, తేలేనివాళ్ళకు వచ్చే ఏడు కాగితమే ఉండదు. నలభై తొమ్మిదేళ్ళ వయసులో మళ్ళీ ఇంటర్వ్యూలకు తిరిగే ఓపిక నాకు లేదు. వాడికి చెప్పకు, కంగారుపడతాడు.

పొద్దునపూట ఒకరి పాఠం ఒకరు చూసి రిపోర్టులు రాయాలి. అది నాకు నల్లేరు మీద బండి నడక. అసలు కథ మధ్యాహ్నం. మాలో ఎవ్వరూ ఎన్నడూ వినని ఒక భాషని మొదటి మాట నుంచి నేర్చుకోవాలి. పాఠాలు చెప్పీ చెప్పీ, నేర్చుకోవడమంటే ఏమిటో మరిచిపోతామట. అందుకని ఈ శిక్ష. పదహారుమందిమి, అందరం మాస్టార్లమే. చెప్పే ఆవిడ వృత్తి నర్సు, అది ఆవిడ పుట్టి పెరిగిన భాష. మేం సిస్టరు అంటున్నాం. బుట్టలో గరిటె, తాడు, రాయి, పాత చెప్పు పట్టుకొచ్చి, ఒక్కోటీ చూపించి ఒక్కో మాట అంటుంది. వేరే భాషలో ఒక్క ముక్క మాట్లాడదు.

మొదటిరోజు పరిచయాల్లో, మీరు పాటించే మంచి పద్ధతి ఒకటి చెప్పండి అన్నారు. నేను నా పది సెకన్ల పద్ధతి చెప్పాను. మౌఖిక పరీక్షలో ప్రశ్న అడిగి స్టాప్‌వాచీ నొక్కుతాను. పది సెకన్లలో నోరు విప్పకపోతే సున్నా వేసి తరవాతి నంబరు పిలుస్తాను. తొంభైమంది ఒక్కరోజులో అయిపోవాలంటే అంతే మరి. భాష వచ్చినవాడికి పది సెకన్లు చాలా ఎక్కువ. పిల్లలు వెనకాల నన్ను 'పది సెకన్ల మేడం' అంటారని చెబితే అందరూ నవ్వారు. సిస్టరు నవ్వలేదు. మా భాష రాదేమో అనుకున్నాను.

అక్షరాలు పెద్దవిగా ఉన్నాయని వెక్కిరించకు. కళ్ళజోళ్ళ షాపులో మరదల్ని పెట్టుకుని కళ్ళజోడు లేకుండా తిరుగుతున్నాననే కదా నీ బాధ. నాకింకా అవసరం రాలేదు.

మీ వదిన


కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
రెండో వారం, సోమవారం

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. అక్షరాలు చిక్కుడు గింజలంత ఉన్నాయి, వరసలు కొండెక్కుతున్నాయి. అవసరం రాలేదంటే నమ్మడానికి నేను మీ విద్యార్థిని కాదు.

ఉద్యోగం సంగతి మీ తమ్ముడికి చెప్పను. చెబితే పరీక్ష మీకైతే జ్వరం ఆయనకు వస్తుంది. ఉత్తరం వచ్చిన దగ్గరనుంచి నా చుట్టూ తిరుగుతున్నారు, 'ఏం రాసింది, నా గురించేనా' అని. వదినా మరదళ్ళు కూడబలుక్కుంటే ఇంట్లో మగవాడికి అన్నం సయించదు కదా. మీ ఊసే లేదన్నాను. దానికీ బాధపడ్డారు.

నిన్న ఒక రిటైరైన డ్రైవరు కళ్ళు చూపించుకోడానికి వచ్చాడు. కుర్చీలో కూర్చోగానే అక్షరాల పట్టీ పైనుంచి కిందదాకా గడగడా చదివేశాడు. నాకు అనుమానం వచ్చి పట్టీ మార్చాను. మొదటి వరసే కనబడలేదు. తన వంతు కోసం బయట కూర్చున్నప్పుడు ముందువాళ్ళు చదువుతుంటే విని కంఠతా పట్టాడట. లైసెన్సు పోతుందని భయం పాపం. అందుకే ఈ గదిలో గబగబా చెప్పేవాళ్ళని నేను నమ్మను.

పది సెకన్ల పద్ధతి గురించి రాశారు. అది నాకు తెలుసు.

పని ఉంది. ఉంటాను.

మరదలు


హాస్టలు, పన్నెండో గది
నాలుగో వారం, శుక్రవారం

మరదలా,

నీ ఉత్తరం నవ్వుతూ మొదలై, చివర్లో ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. నేనేమైనా అనకూడని మాట అన్నానా? అడుగుతున్నాను గానీ, ఇవాళ నా గోల నాది. ముందు అది విను.

మూడు వారాల్లో మేం పదహారుమందిమీ ఆ భాషని చీల్చి చెండాడాం. ధ్వనుల పట్టికలు గీశాం. వాక్యంలో ఏది ముందో ఏది వెనకో టీలు చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. మీసాల మాస్టారని ఒకాయన ఉన్నారు, వ్యాకరణంలో దిట్ట. నలభై పేజీల నోట్సు రాశారు. మొన్న భోజనాల దగ్గర ఆయనకు పొలమారింది. సిస్టరు పరిగెత్తుకొచ్చి, ఏం కావాలని ఆ భాషలో అడిగింది. పదహారుమందిలో ఒక్కరికీ మంచినీళ్ళు అనే మాట రాలేదు. ఆయన దగ్గుకుంటూ లేచి వెళ్ళి కుళాయి తిప్పుకున్నారు.

కాపీ కూడా కొట్టామే తల్లీ. మీసాల మాస్టారు అరచేతిలో మాటలు రాసుకుంటే పక్కనుంచి నేను చూశాను. కళ్ళజోడు లేక సగమే కనబడ్డాయి.

నిన్న మౌఖిక పరీక్ష పెట్టారు. చిన్న గది. బల్లకి అటు సిస్టరు, ఇటు నేను. 'నీకు దగ్గరి మనిషి ఒకరి గురించి చెప్పు' అని అడిగింది. ప్రశ్న అర్థమైంది. దానికి కావలసిన మాటలూ వచ్చు. అవి నోటిదాకా రాలేదు. అప్పుడు నా తలలో లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఆవిడ చేతిలో గడియారం లేదు. తొందరపెట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. పది అనుకోగానే నేనే లేచి, కుర్చీ వెనక్కి జరిపి, బయటికొచ్చేశాను. పరీక్ష మధ్యలో లేచిపోయిన మాస్టారు ఇంతవరకు ఇక్కడ లేరట.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటే విన్నాను గానీ, ఇంత లోతుగా ఉంటుందనుకోలేదు. సున్నా ఖాయం. పద్నాలుగేళ్ళ ఉద్యోగం ఆ వరండాలోనే వదిలేసి వచ్చాననిపిస్తోంది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. మీసాల మాస్టారు పాసయ్యారు. ఆయన నన్ను ఓదారుస్తున్నారు, అది ఇంకా భరించలేకుండా ఉంది.

పది సెకన్లు ఎంత చిన్నవో నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

మీ వదిన


షాపు, వెనక గది
ఐదో వారం, గురువారం

వదినా,

గారు తీసేశాను, కోప్పడకండి. ఇప్పుడు రాయబోయేది 'గారు' పెడితే రాయలేను.

మీ ఉత్తరం నాలుగు రోజులు అద్దాల డ్రాయర్లో పెట్టుకుని తిరిగాను. మీరు బాధలో ఉన్నప్పుడు ఇది చెప్పడం న్యాయమా అని. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని రాస్తున్నాను.

పద్నాలుగేళ్ళ కిందట, మీరు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, మీ మౌఖిక పరీక్షలో నలభై ఆరో నంబరు నేనే.

నేను లెక్కల విద్యార్థిని. మీ రెండో భాష పేపరు అందరికీ తప్పనిసరి. మీరు కాగితం మీదనుంచి తల ఎత్తకుండా 'నీకు బాగా తెలిసిన ఒక చోటు గురించి చెప్పు' అన్నారు. వాచీ నొక్కారు. నాకు జవాబు తెలుసు వదినా. ఎక్కడ మొదలుపెడితే బాగుంటుందా అని చూస్తున్నాను, అంతే. మీరు 'నలభై ఏడు' అని పిలిచారు. సరిగ్గా అప్పుడే మొదటి వాక్యం నాలుక మీదికి వచ్చింది. పదకొండో సెకను అయ్యుంటుంది. బయట వరండాలో నోటీసు బోర్డు ఎదురుగా నిలబడి జవాబు మొత్తం దానికి చెప్పాను, ఒక్క తప్పు లేకుండా.

మళ్ళీ పరీక్ష రాసే వీలుంది. నేనే వెళ్ళలేదు. ఆ తలుపు దాకా వెళ్ళి, తిరిగి వచ్చేసేదాన్ని. అప్పటిదాకా మధ్యాహ్నాలు మాత్రమే పనిచేసే ఈ షాపులో పూర్తిగా చేరిపోయాను. మీ తమ్ముడు కళ్ళజోడు విరగ్గొట్టుకుని రావడం, ఆ తరవాత వారానికోసారి విరగ్గొట్టుకోవడం, ఆ కథ మీకు తెలుసు. మొదటిసారి మీ ఇంటికి వచ్చిన రోజు తలుపు తీసింది మీరు. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. మీరు నవ్వి, నా చేతిలో సంచీ అందుకుని, 'లోపలికి రా, వీడు నీ గురించి చెప్పి చెప్పి మా చెవులు తినేశాడు' అన్నారు. అదే గొంతు. గుర్తుపడతారేమోనని నెల రోజులు భయపడ్డాను. గుర్తుపట్టలేదని ఆరేళ్ళు కోపంగా ఉన్నాను. చదువు మధ్యలో ఆపేశానని తప్ప మీ తమ్ముడికి కూడా ఏమీ తెలియదు.

మిమ్మల్ని ఏడిపించాలని రాయలేదు. కొంచెం అందుకు కూడా రాశాను, అబద్ధం ఎందుకు. మీరు లేచి వచ్చేశారని చదవగానే ముందు 'బాగా అయింది' అనుకున్నాను. తరవాత ఆ వరండా గుర్తొచ్చింది. అక్కడ మీరు ఒక్కరే నిలబడి ఉంటే చూడలేకపోయాను.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. మళ్ళీ రాసే వీలుందేమో అడగండి. నా కుర్చీలో కూర్చున్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. తొందర లేదు, కనబడింది చెప్పండి, కనబడకపోతే ఇంకో అద్దం పెడతాను.

మరదలు


హాస్టలు, పన్నెండో గది
ఆరో వారం, బుధవారం

మరదలా,

మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. మొదటి దాంట్లో సంజాయిషీ ఉంది, రెండో దాంట్లో ఏడుపు, మూడో దాంట్లో నీకు సలహాలు. ఇది నాలుగోది. తప్పు నాది. నన్ను క్షమించు.

నలభై ఆరో నంబరు ముఖం గుర్తు తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించాను. రాలేదు. మరిచిపోయి కాదు, నేను చూడనే లేదు. నేను చూసింది వాచీని. ఏడాదికి తొంభైమంది, పద్నాలుగేళ్ళు. ఆ నోటీసు బోర్డు ఇంకెన్ని జవాబులు విన్నదో. ఇంకో మాట. ఆరేళ్ళుగా నా ఎదురుగా కూర్చుని నాకు టీ కలిపిచ్చావు. ఒక్కసారైనా అందులో ఉప్పు వేయలేదు. నేనైతే వేసేదాన్ని.

నీ మాట పట్టుకుని, సిగ్గు విడిచి డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన మార్కుల కాగితం తీసి నా ముందు పెట్టారు. నా గడిలో సున్నా లేదు. సిస్టరు తన భాషలో ఒక వాక్యం రాసింది. చదవడానికి డైరెక్టరుగారి కళ్ళజోడు అడిగి పెట్టుకున్నాను, నవ్వకు. 'జవాబు కోసం ఎదురుచూస్తున్నాను' అని ఉంది. నేను లేచి వచ్చేశాక కూడా గంట కొట్టేదాకా ఆవిడ అక్కడే కూర్చుందట. పదో వారంలో ఇంకోసారి రావచ్చన్నారు. అదీ తప్పితే ఇంటికే.

నీ కోపం నీ దగ్గర ఉంచుకో, అది నీ హక్కు. ఉత్తరాలు మాత్రం ఆపకు.

వదిన


షాపు, వెనక గది
ఏడో వారం, మంగళవారం

వదినా,

క్షమాపణ ముట్టింది. రెండుసార్లు చదివాను, మొదటిసారి అది మీరు రాశారంటే నమ్మకం కుదరక.

కోపం ఉంచుకోమన్నారు. తీరా చూస్తే కనబడటంలేదు. ఇన్నేళ్ళు మోసింది కాగితం మీద పెట్టి పోస్టు డబ్బాలో వేసేసరికి ఒళ్ళు తేలికైపోయింది. ఆ రోజు షాపుకి వస్తూ కూనిరాగం తీస్తున్నానట. మా షాపు పెద్దాయన 'ఏమ్మా, లాటరీ తగిలిందా' అని అడిగారు.

నా జీవితం పాడుచేశానని మాత్రం అనుకోకండి. అంత గొప్ప మీకివ్వను. నాకీ పని ఇష్టం. లెక్కల్లో డిగ్రీ తెచ్చుకుంటే ఏమయ్యేదాన్నో తెలియదు గానీ, మీ తమ్ముడి కళ్ళు ఇంకెవరో చూసేవాళ్ళు. నాకు పోయింది ఆ ఒక్క జవాబే.

ఇంకో తప్పు ఒప్పుకోవాలి. మీ తమ్ముడికి అంతా చెప్పేశాను, మీ ఉద్యోగం సంగతితో సహా. కంగారుపడలేదు. నా సంగతి వింటున్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. మీ పరీక్ష సంగతికి వచ్చేసరికి 'మా అక్కా? నోరు పెగల్లేదా?' అని నవ్వు మొదలుపెట్టారు, ఆగితే ఒట్టు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ ఆయనకీ ఇలాగే లెక్కపెట్టేవారటగా, చేతిలో స్కేలు పట్టుకుని. పదమూడో ఎక్కం ఆయనకి ఇప్పటికీ రాదు.

మాటలు ఎన్ని వచ్చాయి? పెద్ద వాక్యాల జోలికి పోకండి. మేం ముందు పెద్ద అక్షరమే చూపిస్తాం.

మరదలు


హాస్టలు, పన్నెండో గది
పదో వారం, బుధవారం

మరదలా,

పాసయ్యాను. ఆ మాట ముందు రాసేస్తే మిగతాది తీరిగ్గా రాసుకోవచ్చు.

అదే గది, అదే బల్ల, అదే ప్రశ్న. దగ్గరి మనిషి ఒకరి గురించి చెప్పు. మళ్ళీ తలలో ఒకటి, రెండు మొదలయ్యాయి. ఈసారి తల ఎత్తి సిస్టరు ముఖం చూశాను. ఆవిడకి ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది. పది వారాలుగా చూస్తున్నా అది నాకు ఆ రోజే కనబడింది. దాన్ని చూస్తూ ఉంటే లెక్క ఎక్కడ ఆగిపోయిందో తెలియలేదు. తరవాత మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. నేను చెప్పింది ఇదీ:

'నా తమ్ముడి భార్య ఉంది. ఆమెకు చిన్న గది ఉంది. గదిలో అద్దాలు ఉన్నాయి. మనిషి వస్తాడు. మనిషికి కనబడదు. ఆమె కోప్పడదు. ఆమె ఆగుతుంది. నేను ఆగలేదు. ఇప్పుడు నేర్చుకుంటున్నాను.'

నాకు వచ్చింది నూటముప్ఫై మాటలు. వాటితో ఇంతకంటే చెప్పలేను. చివరి వాక్యం దగ్గర క్రియ కోసం వెతుక్కున్నాను. సిస్టరు అప్పుడూ ఆగింది. మొదటి మాటకి ఎంతసేపు పట్టిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. బయటికొచ్చి వరండా మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇన్ని వారాల తరవాత ఊపిరి కడుపు నిండా పీల్చుకున్నాను. మీసాల మాస్టారు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, ఆ మాట ఆ భాషలో అని మరీ ఇచ్చారు.

డైరెక్టరు మా రిజిస్ట్రారు ఆఫీసుకి ఫోన్ చేశారు. సర్టిఫికెట్టు చేతికి అందగానే ఉత్తర్వు టైపు చేస్తామన్నారట. చివరగా, తిరిగి వెళ్ళాక మీ విభాగంలో ఏ ఒక్క పద్ధతి మారుస్తారో రాసివ్వాలి. తొంభైమందినీ మూడు రోజులకి పంచాలని, గదిలోకి గడియారం తేకూడదని రాశాను. మా విభాగాధిపతి ఒప్పుకోడు. పోట్లాడాలి. పర్మనెంటు అయినవాళ్ళకి పోట్లాట కొంచెం తేలిక. నాతో తెచ్చుకున్న స్టాప్‌వాచీ మీసాల మాస్టారికి ఇచ్చేశాను. కోడిగుడ్లు ఉడకబెట్టుకోడానికి పనికొస్తుందన్నారు.

నువ్వు మళ్ళీ చదువుకుంటానంటే దరఖాస్తు నేనే తెస్తాను. వద్దంటే బలవంతం లేదు. ఒక్కటి మాత్రం అడగనివ్వు. నా పరీక్ష అయిపోయింది గానీ నీది మధ్యలో ఆగి ఉంది.

నలభై ఆరో నంబరు, నీకు బాగా తెలిసిన ఒక చోటు గురించి చెప్పు. ఎన్నాళ్ళయినా సరే, నేను ఇక్కడే కూర్చుని ఉంటాను.

వదిన


షాపు, వెనక గది
పన్నెండో వారం, మంగళవారం

వదినా,

మీ ఉత్తరం అంది పదకొండు రోజులైంది. కావాలనే తీసుకున్నాను.

దరఖాస్తు వద్దు. ముప్ఫై మూడేళ్ళు వచ్చాక లెక్కల పుస్తకాలంటే ఇప్పుడు నాకే నవ్వొస్తోంది. జవాబు మాత్రం ఇస్తాను.

నాకు బాగా తెలిసిన చోటు ఈ వెనక గది. ఆరడుగుల మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. కళ్ళు పరీక్ష చేయాలంటే మనిషికీ అక్షరాల పట్టీకీ మధ్య కొంత దూరం ఉండాలి. అంత దూరం ఈ గదిలో లేదు. అందుకని పెద్దాయన ఎదురు గోడకి నిలువుటద్దం బిగించారు. పట్టీ కుర్చీ వెనక, కూర్చున్నవాళ్ళ తలకి పైన ఉంటుంది. దాని మీద అక్షరాలు తిరగేసి అచ్చువేసి ఉంటాయి. అద్దంలో చూస్తే సరిగ్గా కనబడతాయి, దూరం కూడా రెట్టింపు అవుతుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు మొదటిసారి ఈ కుర్చీలో కూర్చుని అద్దంలోకి చూసి, ఇంత గదిలో ఇంత దూరం ఎక్కడ దాచారా అని ఆశ్చర్యపోయాను. ఆ రోజు మీకు చెప్పాలనుకున్న మొదటి వాక్యం, నోటీసు బోర్డుకి చెప్పిన మొదటి వాక్యం, అదే. 'నాకు తెలిసిన ఒక చిన్న గదిలో చాలా దూరం ఉంది.'

అప్పుడు ఇంతవరకే తెలుసు. ఇప్పుడు ఇంకొంచెం తెలుసు. కుర్చీకి కుడివైపు చెయ్యి వదులుగా ఉంటుంది. అద్దాల పెట్టెలో మూడో వరసలో ఒకటి బీటవారింది, దాన్ని వాడం, పారేయం. చాలామంది కనబడనందుకు నాకు క్షమాపణ చెబుతారు, ఏదో నా సొమ్ము పోగొట్టినట్టు. కొందరు తెలియకపోయినా ఏదో ఒక అక్షరం చెప్పేస్తారు. సరైన అద్దం పడ్డప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఒక క్షణం ఊరుకుంటారు. ఆ క్షణం నాకిష్టం. అందుకే ఈ గదిలో ఉన్నాను.

ఇదీ నా జవాబు.

శనివారం మీ తమ్ముడు బస్టాండుకి వస్తారు. పదమూడో ఎక్కం నేర్చుకుంటున్నారు, దారిలో అప్పజెప్పించుకోండి. నన్నడిగితే పదమూడు ఆర్లు దగ్గర కాస్త ఆగండి. ఇంటికి కాదు, ముందు షాపుకి రండి. ఆ రోజు మొదటి నంబరు మీకే రాసిపెట్టాను. కుర్చీ తుడిచి ఉంచుతాను. అద్దంలోకి చూసి పై వరస నుంచి చదువుదురుగాని. తొందరేమీ లేదు.

మరదలు